తొలి క్రైస్తవులకి రోమ్ రాసిచ్చిన కాగితం, మనకి రాజ్యం రాసిచ్చే కాగితం

మన వాడల్లో చర్చికి వెళ్ళేవాళ్ళని ఎవర్నడిగినా తొలి క్రైస్తవుల గురించి ఒకటే కథ చెబుతారు. రోమా చక్రవర్తులు వాళ్ళని సింహాలకి వేశారు, వాళ్ళు పాటలు పాడుతూ ప్రాణాలిచ్చారు, ఆ రక్తంలోంచి సంఘం మొలిచింది అని. ఇది అబద్ధం కాదు గానీ, ఇందులో సగం చరిత్ర లేదు. సింహాల ముందుకి వెళ్ళినవాళ్ళు కొద్దిమంది. మిగిలిన వేలాదిమంది ముందుకి వచ్చింది ఒక కాగితం. ఆ కాగితం తీసుకోవాలా వద్దా, తీసుకున్నవాడు మనవాడా పరాయివాడా అన్న ప్రశ్న మీద తొలి సంఘం నిలువునా చీలింది. బయట రాజ్యం పెట్టిన హింసా, లోపల జరిగిన పోరూ వేర్వేరు సంగతులు కావు. మొదటిదే రెండోదాన్ని పుట్టించింది.

పదహారు, పదిహేడు వందల ఏళ్ళ నాటి ఈ గొడవ దళిత విద్యార్థులకి, టీచర్లకి, కార్యకర్తలకి ఎందుకు అనొచ్చు. విశాఖపట్నంలో సీతమ్మధార లాంటి చోట్ల గదులు అద్దెకి తీసుకుని పోటీ పరీక్షలకి చదివే మన పిల్లల్ని అడగండి. రాష్ట్ర ప్రభుత్వంలో ఏ ఉద్యోగమైనా, దరఖాస్తులో కులం గడి దగ్గర చెయ్యి ఆగుతుంది. 'ఎస్సీ' అని రాస్తే ప్రభుత్వం ఎప్పటికైనా చర్చి రిజిస్టరు తీసి చూస్తుందేమోనని భయం. 'బీసీ-సీ' అని రాస్తే ఒక్క శాతంలో పోటీ. రెండు చోట్లా తప్పుచేసినవాడిలా నిలబడాల్సింది ఆ పిల్లాడే. ఈ పరిస్థితిని అర్థం చేసుకోడానికి మనకి రోమ్ చరిత్ర పనికొస్తుంది, ఒంగోలు చరిత్ర ఇంకా ఎక్కువ పనికొస్తుంది.

చెప్పులు కుట్టేవాళ్ళ మతం

రెండో శతాబ్దంలో సెల్సస్ అనే గ్రీకు పండితుడు క్రైస్తవుల్ని ఎగతాళి చేస్తూ ఒక పుస్తకం రాశాడు. ఆ పుస్తకం ఇప్పుడు దొరకదు. దానికి జవాబుగా ఓరిజెన్ 248 ప్రాంతంలో రాసిన గ్రంథం వల్ల అందులో ఏముందో తెలుస్తుంది. ఉన్ని వడికేవాళ్ళు, చెప్పులు కుట్టేవాళ్ళు, బట్టలుతికేవాళ్ళు, చదువూ సంస్కారం లేనివాళ్ళు ఇళ్ళల్లో చేరి ఆడవాళ్ళకీ పిల్లలకీ బోధలు చేస్తున్నారని సెల్సస్ ఫిర్యాదు. చేతిపని చేసేవాడు జ్ఞానం గురించి మాట్లాడటమే అతని దృష్టిలో నేరం. ఈ గొంతు మనకి కొత్తది కాదు.

తొలి సంఘంలో ఉన్నవాళ్ళంతా పేదలే అనుకుంటే పొరపాటు. పట్నాల్లోని ఓ మోస్తరు సంపన్నులు, అధికారులు కూడా ఉన్నారు. అయితే బానిసలు, చేతివృత్తుల వాళ్ళు, ఆడవాళ్ళు ఎక్కువగా కనిపించే సంఘం అది. 112 ప్రాంతంలో బిథీనియా గవర్నరుగా ఉన్న ప్లీనీ, ట్రాజన్ చక్రవర్తికి రాసిన ఉత్తరంలో తాను ఇద్దరు బానిస స్త్రీలని చిత్రహింసలు పెట్టి విచారించానని చెప్పాడు. వాళ్ళు సంఘంలో పరిచారకులు. 177లో లియోన్స్‌లో చంపబడ్డ బ్లాండీనా బానిస. 203లో కార్తేజ్‌లో పెర్పెతువాతో పాటు చంపబడ్డ ఫెలిసిటీ బానిస. శిక్షల్లో కూడా అంతస్తు చూశారు. ప్లీనీ రోమన్ పౌరుల్ని రాజధానికి పంపాడు. పౌరసత్వం లేనివాళ్ళని అక్కడికక్కడే చంపించాడు.

ఇంతకీ వాళ్ళ నేరమేంటి? ఒక దేవుణ్ణి నమ్మడం నేరం కాదు. రోమ్‌లో వందల దేవుళ్ళున్నారు, ఇంకొకరు ఎక్కువవరు. ప్లీనీ పరీక్ష చాలా చిన్నది. చక్రవర్తి విగ్రహం ముందు కాస్త సాంబ్రాణి వెయ్యి, కాస్త ద్రాక్షసారా పొయ్యి, క్రీస్తుని తిట్టు, ఇంటికెళ్ళు. మూడుసార్లు అడిగినా క్రైస్తవులమే అన్నవాళ్ళని చంపమన్నాడు, కనీసం ఆ మొండితనానికైనా శిక్ష పడాలి అని. ఆ ఉత్తరంలోనే ఇంకో మాటుంది. గుళ్ళు బోసిపోయాయి, బలి మాంసం కొనేవాళ్ళు తగ్గిపోయారు, ఇప్పుడిప్పుడే మళ్ళీ పుంజుకుంటున్నారు అని. అపొస్తలుల కార్యాల్లో ఎఫెసు పట్నపు కంసాలి దేమేత్రి అల్లరి లేవదీసిన కారణం కూడా ఇదే. వెండి గుళ్ళ బొమ్మలు అమ్ముడుపోవని అతని దిగులు. అంటే, ఊరందరూ చేసే పని ఒకడు చెయ్యనంటే దెబ్బతినేది దేవుడొక్కడే కాదు. ఊరి కట్టుబాటూ, ఆ కట్టుబాటు మీద బతికే వ్యాపారమూ దెబ్బతింటాయి. రోమ్ శిక్షించింది ఆ నిరాకరణని.

250వ సంవత్సరపు కాగితం

మొదటి రెండు వందల ఏళ్ళలో హింస ఎడతెగకుండా సాగలేదు. ఒక ఊళ్ళో ఉంటే ఇంకో ఊళ్ళో లేదు, ఒక గవర్నరు కాలంలో ఉంటే తర్వాతి గవర్నరు కాలంలో లేదు. వెతికి పట్టుకోవద్దు, ఆకాశరామన్న ఉత్తరాలు లెక్కచెయ్యొద్దు, ఎవరైనా పట్టిస్తే మాత్రం శిక్షించండి అని ట్రాజన్ చెప్పిన పద్ధతే చాలాకాలం నడిచింది. విశ్వాసం కోసం చనిపోయినవాళ్ళు అప్పటిదాకా లెక్కపెట్టగలిగినంత కొద్దిమందేనని 248 ప్రాంతంలో ఓరిజెనే రాశాడు.

పరిస్థితి మారింది 250లో. డెసియస్ చక్రవర్తి సామ్రాజ్యంలోని వాళ్ళందరూ దేవుళ్ళకి బలి ఇవ్వాలని ఆజ్ఞ వేశాడు. ఇచ్చినట్టు రుజువుగా ఒక కాగితం పుచ్చుకోవాలి. లాటిన్‌లో దాన్ని 'లిబెల్లస్' అంటారు, చిన్న పత్రం అని అర్థం. ఈజిప్టు ఇసుకలో అలాంటి పాపిరస్ పత్రాలు నలభైకి పైగా దొరికాయి. అన్నీ దాదాపు ఒకే నమూనా. ఫలానా ఊరివాణ్ణి, ఫలానావాడి కొడుకుని, నేనెప్పుడూ దేవుళ్ళకి బలులిస్తూనే ఉన్నాను, ఇప్పుడు మీ ముందు కూడా ఇచ్చాను, నైవేద్యం రుచి చూశాను, ధ్రువీకరించండి అని దరఖాస్తు. కింద అధికారుల సంతకాలు. ఒక పత్రంలో డెబ్భై రెండేళ్ళ ముసలాయన కుడి కనుబొమ మీద మచ్చ ఉందని కూడా రాసి ఉంది. మన టెన్త్ సర్టిఫికెట్లో పుట్టుమచ్చలు రాసినట్టే. ఇంకో పత్రం ఏకంగా మొసలి దేవుడి గుళ్ళో పూజారిణిది. దేవుడి సేవలో బతికే మనిషి కూడా నాకు దేవుడున్నాడని కాగితం తెచ్చుకోవాల్సొచ్చిందంటే, ఆ ఆజ్ఞ క్రైస్తవులకే పరిమితం కాదని అర్థమవుతుంది.

పైకి అందరికీ ఒకటే నియమం. దెబ్బ మాత్రం ఒక్కరికే. మొసలి దేవుడి పూజారిణికి ఆ కాగితంతో పోయేదేమీ లేదు. క్రైస్తవుడికి మాత్రం కాగితం తీసుకుంటే సంఘం పోతుంది, తీసుకోకపోతే ఆస్తో, ఊరో, ప్రాణమో పోతుంది. చట్టం అందరికీ సమానమే అని ఎవరైనా అంటే, దాని బరువు ఎవరి నెత్తిన పడుతోందో చూడాలని ఈ పత్రాలు నేర్పుతాయి.

పడిపోయినవాళ్ళు, నిలబడినవాళ్ళు

చాలామంది క్రైస్తవులు లొంగిపోయారు. కార్తేజ్ బిషప్పు సిప్రియన్ మాటల్ని బట్టి చూస్తే, అక్కడ జనం బలి ఇవ్వడానికి వరసలు కట్టారు. సంఘం వీళ్ళకి 'పడిపోయినవాళ్ళు' అని పేరు పెట్టింది. అందులో మళ్ళీ తరగతులు. బలి మాంసం తిన్నవాళ్ళు ఒకరు, సాంబ్రాణి మాత్రం వేసినవాళ్ళు ఇంకొకరు, బలీ సాంబ్రాణీ ఏదీ లేకుండా లంచమిచ్చి కాగితం మాత్రం తెచ్చుకున్నవాళ్ళు మూడో రకం. ఈ మూడో రకం వాళ్ళ వాదన మనం జాగ్రత్తగా వినాలి. మేం ఏ విగ్రహానికీ మొక్కలేదు, పిల్లల్ని బతికించుకోడానికి కాగితం కొనుక్కున్నాం, మా మనసు మారలేదు అని.

హింస సద్దుమణిగాక వీళ్ళంతా తిరిగి సంఘంలోకి వస్తామన్నారు. అక్కడ మొదలైంది అసలు పోరు. జైల్లో దెబ్బలు తిని కూడా లొంగనివాళ్ళు 'వీళ్ళని చేర్చుకోండి' అంటూ పడిపోయినవాళ్ళకి శాంతి పత్రాలు రాసివ్వసాగారు. ఒక్కో పత్రంలో ఫలానావాడూ వాడి ఇంటివాళ్ళూ అని రాసేవాళ్ళు. ఎంతమందో లెక్కుండదు. సిప్రియన్ దీన్ని ఒప్పుకోలేదు. క్షమించే అధికారం బిషప్పులదీ సంఘానిదీ అన్నాడు. చిక్కేమిటంటే హింసాకాలంలో సిప్రియన్ కార్తేజ్ వదిలి దాక్కున్నాడు. దెబ్బలు తిన్నవాడి మాట చెల్లాలా, పదవిలో ఉన్నవాడి మాట చెల్లాలా? ఏ ఉద్యమంలోనైనా వచ్చే ప్రశ్నే ఇది.

కార్తేజ్‌లో ఒక వర్గం ఏ విచారణా లేకుండా అందర్నీ వెంటనే చేర్చుకోవాలంది. రోమ్‌లో నొవేషియన్ నాయకత్వంలో ఇంకో వర్గం పడిపోయినవాణ్ణి చచ్చేదాకా చేర్చుకోకూడదంది. 251లో నొవేషియన్ పోటీ బిషప్పు అయ్యాడు. 'పవిత్రుల సంఘం' వేరుపడింది. అదే ఏడు కార్తేజ్‌లో బిషప్పుల సభ జరిగింది. ఎవరు ఎందుకు ఎలా పడిపోయారో ఒక్కొక్కరి సంగతి విడిగా చూడాలన్నారు. కాగితం మాత్రం తెచ్చుకున్నవాళ్ళని విచారించి చేర్చుకున్నారు. బలి ఇచ్చినవాళ్ళకి దీర్ఘకాలం పశ్చాత్తాపం పెట్టారు. మళ్ళీ హింస వస్తుందన్న భయం మొదలవగానే, పశ్చాత్తాపంలో ఉన్నవాళ్ళందర్నీ చేర్చుకోవాలని ఇంకో సభ తీర్మానించింది. నిరాయుధుల్ని యుద్ధానికి పంపలేం గదా అన్నది వాళ్ళ తర్కం. దాక్కున్నాడని నిందపడ్డ సిప్రియన్ని 258లో తల నరికి చంపారు.

కథ అక్కడితో ఆగలేదు. 303లో డయోక్లీషియన్ లేఖనాలు అప్పగించమన్నాడు. కొందరు అప్పగించారు. కొందరు తెలివిగా వైద్య పుస్తకాలో, తాము తిరస్కరించిన వర్గాల పుస్తకాలో ఇచ్చి పంపేశారు. పుస్తకాలు అప్పగించినవాళ్ళకి 'ద్రోహులు' అని పేరు పడింది. అలాంటి ద్రోహి చేతి అభిషేకం చెల్లదని ఉత్తర ఆఫ్రికాలో డొనాటస్ వర్గం విడిపోయింది. ఆ చీలిక వందేళ్ళు దాటి నడిచింది. 313లో రోమ్ క్రైస్తవుల్ని గుర్తించింది. 317 వచ్చేసరికి క్రైస్తవ చక్రవర్తి కాన్‌స్టంటైన్ సైనికులు డొనాటస్ వర్గపు చర్చీల మీద పడ్డారు. నాలుగేళ్ళ క్రితం దాకా దెబ్బలు తిన్న మతం, రాజ్యం చేతికందగానే తనలోని బలహీనుల్ని కొట్టింది. దీన్ని మన పాస్టర్లు ప్రసంగాల్లో చెప్పరు.

ఒంగోలు: మూడు నియమాలు

ఇప్పుడు మన నేలకి వద్దాం. తెలుగులోకి బైబిలు అనువాదం విశాఖపట్నంలోనూ జరిగింది. 1805లో లండన్ మిషనరీ సొసైటీ నుంచి క్రాన్, దే గ్రాంజెస్ ఇక్కడికి వచ్చి ఆ పని మొదలుపెట్టారు. కానీ అచ్చయిన పుస్తకం వాడకి చేరి వాడని కదిలించడానికి అరవై ఏళ్ళు పట్టింది. ఆ కదలిక వచ్చింది ఒంగోలు ప్రాంతంలో.

1866లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒంగోలు చేరాడు. ఆయన కంటే ముందే దారి వెతుక్కుంటున్నవాడు యర్రగుంట్ల పేరయ్య. మాదిగ, తోళ్ళ వ్యాపారి. ఏళ్ళ తరబడి యోగమార్గంలో గురువుల వెంట తిరిగిన మనిషి. అతనూ అతని బంధువర్గమూ ఊరూరా తిరిగి చెప్పినందువల్లే మాదిగ గూడేలు కదిలాయి. 1867 జనవరి 1న ఎనిమిదిమందితో ఒంగోలు సంఘం మొదలైంది. దొర వచ్చి మార్చాడు అని చెప్పే చరిత్రలో పేరయ్య లాంటివాళ్ళు పక్కకి పోతారు. నిజానికి చర్మకార వృత్తి సంబంధాల దారుల్లోనే ఆ మాట ప్రయాణించింది.

చేరినవాళ్ళకి క్లౌ పెట్టిన నియమాలు మూడు. ఆదివారం పని చెయ్యొద్దు. చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు. విగ్రహాలకి మొక్కొద్దు. వినడానికి మూడూ మత నియమాలే. గ్రామ వ్యవస్థ తెలిసినవాడికి మాత్రం మూడూ మూడు సమ్మెలు. ఆదివారం పని చెయ్యనంటే ఆసామి పిలిచినప్పుడు రానని చెప్పడం. వెట్టివాడికి తనదంటూ ఒక రోజుండటం ఊరు ఎరగదు. చచ్చిన గొడ్డు తిననంటే ఊరు పారేసింది తిని బతకనని చెప్పడం. మొక్కనంటే జాతరలో డప్పు కొట్టనని చెప్పడం. డప్పు లేకపోతే ఊరేగింపు లేదు, ఊరేగింపు లేకపోతే ఊరి పెద్దల మర్యాద లేదు. రోమ్ గవర్నరు అడిగిన చిటికెడు సాంబ్రాణీ, కరణం రెడ్డీ అడిగిన డప్పు దెబ్బా ఒకే పని చేస్తాయి. నీ స్థానం ఎక్కడో నువ్వే నీ చేత్తో ఒప్పుకోవాలి.

ఒప్పుకోనందుకు వచ్చిన శిక్షల్ని క్లౌ తన జ్ఞాపకాల్లో నమోదు చేశాడు. చాకలిని బట్టలు ఉతకొద్దన్నారు. కుమ్మరిని కుండలు అమ్మొద్దన్నారు. ఊరుమ్మడి బీట్లోంచి వీళ్ళ పశువుల్ని తోలేశారు. చెప్పులూ మోకులూ కుట్టే పని ఇవ్వకుండా అందరూ కట్టుబడ్డారు. కోతల కాలంలో పొలంలోకి రానివ్వలేదు. దాంతో ఏడాది గింజలు పోయాయి. దెబ్బలూ అబద్ధపు కేసులూ సరేసరి. ఇక్కడ ఒక తేడా గమనించాలి. రోమ్‌లో హింస పెట్టింది ప్రభుత్వం. ఒంగోలు పల్లెల్లో పైన ఉన్నది బ్రిటిష్ ప్రభుత్వం, దానికి వీళ్ళని క్రైస్తవులుగా హింసించే పనిలేదు. మాదిగకి రోజూ ఎదురయ్యే ప్రభుత్వం మాత్రం కరణమూ మునసబూ ఆసామీ. వెలివేతకి చక్రవర్తి ఆజ్ఞ అక్కర్లేదు.

1876-78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని కూలి ఇప్పించాడు. కరువు నడిచినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు, తిండి కోసం చేరారన్న మాట రాకూడదని. అయినా ఆ మాట రానే వచ్చింది, ఇప్పటికీ వస్తోంది. కరువు సాయం ముగిసే వేళ 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ ఏడాది మొత్తం తొమ్మిది వేలు దాటారు. గింజల కోసమే అయితే గింజలు పంచినప్పుడు చేరాలి. ఊరి పని పోగొట్టుకుని, చాకలిని పోగొట్టుకుని, బీడు పోగొట్టుకుని గింజల కోసం చేరారనడం లెక్క తెలియనివాళ్ళు చెప్పే మాట.

లోపలి కులం

కొరింథు సంఘంలో ప్రభురాత్రి భోజనం దగ్గర ఉన్నవాళ్ళు ముందే తినేసేవాళ్ళు, లేనివాళ్ళు ఆకలితో చూసేవాళ్ళు. పౌలు దాన్ని తప్పుపట్టాడు. అంటే తొలి సంఘంలోనే పంక్తి భేదం ఉంది. మన దగ్గర దానికి కులం తోడయింది.

ఒంగోలులో తొలిరోజుల్లోనే పైకులాల వాళ్ళు కొందరు క్లౌ దగ్గరికి వచ్చి, మాదిగల్ని చేర్చుకుంటే మేం రాము అన్నారు. ఆ సందర్భంలో క్లౌ దంపతులు ఎవరికి వాళ్ళుగా బైబిలు తెరిస్తే, ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో లోకం తక్కువగా చూసినవాళ్ళని దేవుడు ఎన్నుకున్నాడనే భాగమే వచ్చిందని ఆయన రాసుకున్నాడు. తేల్చుకున్నాడు, మాదిగలతోనే నిలబడ్డాడు. అన్ని మిషన్లూ అలా తేల్చుకోలేదు. పద్దెనిమిదో శతాబ్దంలో జెస్యూట్ల కర్నాటక మిషన్ కాలంలో చేరిన రెడ్డి, కమ్మ కుటుంబాలు కులాన్ని వదల్లేదు, మిషనూ వదలమనలేదు. భారతదేశంలో ఒక దళితుడు కార్డినల్ కావడానికి 2022 దాకా ఆగాల్సొచ్చింది. అప్పుడైన పూల అంతోని మన తెలుగువాడే.

మనలో మనకి ఉన్న చీలిక కూడా చెప్పుకోవాలి. ఒంగోలు వైపు బాప్టిస్టు సంఘాల్లో మాదిగలు, గుంటూరు వైపు లూథరన్ సంఘాల్లో మాలలు ఎక్కువగా చేరారు. ఒక వాడ ఒక మిషన్లో చేరితే రెండో వాడ ఇంకో మిషన్ వైపు చూసింది. ఊరు పెట్టిన గోడ మీద మిషన్ బోర్డు తగిలించినట్టయింది. 1994లో మాదిగ దండోరా మొదలైన ఈదుముడి అదే ప్రకాశం జిల్లాలో ఉండటం వెనక, పంపకం గురించిన ఈ పాత లెక్కలు కూడా ఉన్నాయని నా అభిప్రాయం.

మన కాగితం

ఇక ఇప్పటి కాగితం. 1936లో బ్రిటిష్ ప్రభుత్వం షెడ్యూల్డు కులాల జాబితా ప్రకటిస్తూ భారతీయ క్రైస్తవుల్ని అందులోంచి మినహాయించింది. 1950 ఆగస్టు 10న రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా హిందూ మతం కాని మతాన్ని అవలంబించే వ్యక్తి షెడ్యూల్డు కులస్తుడు కాడంది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్నీ ముస్లింలనీ చేర్చలేదు. ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులైన దళితుల్ని బీసీ-సీ కింద పెట్టి ఒక్క శాతం ఇచ్చారు. 1977లో ఒక జీవోతో కొన్ని ఆర్థిక సాయాలు వర్తింపజేశారు గానీ, రాజ్యాంగం ఇచ్చే రిజర్వేషనూ అట్రాసిటీ చట్టమూ అందులో లేవు.

1985 నాటి సూసై కేసు ప్రతి విద్యార్థీ చదవాలి. మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టే మనిషి సూసై. చెప్పులు కుట్టేవాళ్ళకి ప్రభుత్వం ఉచితంగా బంకులిచ్చింది. సూసైకి ఇవ్వలేదు, ఆదిద్రావిడుడే గానీ క్రైస్తవుడని. మతం మారాక కూడా కులపు బాధలు అంతే తీవ్రంగా ఉన్నాయని రుజువు చూపలేదంటూ సుప్రీంకోర్టు అతని పిటిషన్ కొట్టేసింది. సెల్సస్ చెప్పులు కుట్టేవాణ్ణి నీకు మతమెందుకన్నాడు. మన కోర్టు, నీకు మతముంది గనక నువ్వు ఆ చెప్పులు కుట్టేవాళ్ళ లెక్కలో లేవంది.

2024 నవంబరులో సెల్వరాణి కేసులో, బాప్తిస్మం తీసుకుని చర్చికి వెళుతూ ఉద్యోగం కోసం హిందువునని చెప్పడం రాజ్యాంగాన్ని మోసగించడమే అని సుప్రీంకోర్టు అంది. 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, పాస్టరుగా పనిచేస్తున్న వ్యక్తి అట్రాసిటీ చట్టం కింద పెట్టిన కేసుని కొట్టేసింది, క్రైస్తవుడయ్యాక ఆ రక్షణ లేదని. మరోవైపు, ఎస్సీ హోదాకీ మతానికీ ఉన్న ముడి తీసెయ్యాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే సిఫారసు చేసింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవుల్ని ఎస్సీల్లో చేర్చాలని తీర్మానం చేసింది. కేంద్రం 2022లో బాలకృష్ణన్ కమిషన్ వేసింది.

రోమ్‌కీ మనకీ తేడా లేదని నేననడం లేదు. ఇక్కడ రాజ్యం సాంబ్రాణి వెయ్యమనదు, తల తియ్యదు, 25వ అధికరణం మత స్వేచ్ఛ ఇచ్చింది. పోలిక కాగితం పనిచేసే తీరులో ఉంది. మతం మారిన రెడ్డికి ఆస్తీ పోదు, పరపతీ పోదు. దళితుడు మారితే బడిలో సీటు, ఆఫీసులో ఉద్యోగం, పోలీసు స్టేషన్లో రక్షణ పోతాయి. మత స్వేచ్ఛకి వెల కట్టేది ఒక్క వాడ దగ్గరే. అందుకే చాలా ఇళ్ళల్లో మనిషికి రెండు పేర్లు, చర్చి రిజిస్టరులో ఒకటి, బడి రిజిస్టరులో ఒకటి. ఇంట్లో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటి తరం వాళ్ళం గనక, ఆ రెండో పేరు ఎంత బరువో మాకు తెలుసు.

ఎవర్ని ప్రశ్నించాలి

రెండు పేర్లవాళ్ళని ఇప్పుడు రెండు వైపుల నుంచీ తిడుతున్నారు. కోర్టు మోసం అంటుంది. కొందరు పాస్టర్లు విశ్వాసం లేనివాళ్ళంటారు. ఈ పాస్టర్లు నొవేషియన్ వారసులు. మిషన్ బడుల్లో, ఆసుపత్రుల్లో, సంస్థల్లో ఉద్యోగాలూ పదవులూ దక్కిన కుటుంబాలకి ఆ కాగితంతో పనిలేదు. కూలికి వెళ్ళే తల్లి కొడుక్కి ఉంది. 251లో కార్తేజ్ సభ చేసిన పని మన సంఘాలు చెయ్యగలవా? మనిషి ఎందుకు కాగితం తీసుకున్నాడో అడగాలి. ఆ తర్వాత, ఆ కాగితాన్ని తప్పనిసరి చేసిందెవరో అడగాలి. తొలి సంఘం రెండో ప్రశ్న గట్టిగా అడగలేకపోయింది. దాని శక్తంతా పడిపోయినవాణ్ణి తూచడానికే ఖర్చయింది. చీలికలు మిగిలాయి. మనం ఆ దారిన పోకూడదు.

మతం మారితే కులం పోతుందా అన్నదానికి ప్రకాశం జిల్లా చరిత్రే సాక్ష్యం. 1985 జులై 17న కారంచేడులో మాదిగవాడ మీద దాడి జరిగింది. ఆరుగుర్ని చంపారు. చనిపోయినవాళ్ళలో మోషే, అబ్రహాం అనే పేర్లున్నాయి. గొడవ మొదలైంది మంచినీళ్ళ చెరువు దగ్గర, నీళ్ళు పాడుచేస్తున్నారని అడిగినందుకు. అక్కడ బిందె ఎత్తి ఎదురు నిలిచిన ఆమె పేరు మున్నంగి సువార్త. దాడిచేసినవాళ్ళు ఆ పేర్లు విని ఇది క్రైస్తవ వాడ, ఇక్కడ కులం లేదు అని వెనక్కి పోలేదు. సూసై కేసులో సుప్రీంకోర్టు రుజువు లేదని చెప్పిన సంవత్సరమూ ఆ 1985యే.

కాబట్టి చెయ్యాల్సిన పనులు స్పష్టంగానే ఉన్నాయి. 1950 ఉత్తర్వులోని మూడో పేరా రద్దు కోసం మాల, మాదిగ, క్రైస్తవ, హిందూ, ముస్లిం భేదం లేకుండా దళిత సంఘాలు కలిసి అడగాలి. కొత్తగా చేరేవాళ్ళతో వాటా తగ్గుతుందన్న భయం న్యాయమైనదే. దానికి జవాబుగా జనాభాని బట్టి కోటా పెంచమని కూడా అడగాలి. చర్చి సంస్థలు తమ బడుల్లో కాలేజీల్లో దళిత క్రైస్తవులకి ఎన్ని సీట్లు, ఎన్ని ఉద్యోగాలు ఇచ్చాయో లెక్క బయటపెట్టాలి. పల్లెల్లో పనిచేసే టీచర్లూ విద్యార్థులూ తమ తాత ముత్తాతలు ఏ ఏడు, ఏ మిషన్లో, ఏ వెలివేత మధ్య చేరారో ఇంట్లో పెద్దల్ని అడిగి రాసిపెట్టాలి. కోర్టులు రుజువులు అడుగుతున్నాయి. ఆ రుజువులు మన వాడల్లోనే, ఇంకా బతికున్న ముసలివాళ్ళ దగ్గరే ఉన్నాయి.

— సీతమ్మధార, విశాఖపట్నం